నివురు కింద నిప్పు, డబ్బాలో కర్పూరం

లోపల కోపం దాచుకుని పైకి మాట్లాడకుండా ఉండే మనిషిని 'నివురుగప్పిన నిప్పు' అంటాం. ఆ మాట పుట్టింది మాత్రం పొయ్యి దగ్గరే. అగ్గిపెట్టెలు లేని రోజుల్లో రాత్రి వంట ముగిశాక ఆడవాళ్ళు మిగిలిన నిప్పుకణికలను ఒక దగ్గరికి లాగి, మీద బూడిద కప్పి పడుకునేవారు. బూడిద గాలిని పూర్తిగా ఆపదు, ధారాళంగా తగలనివ్వదు. అందుకే కణిక తెల్లవార్లూ నెమ్మదిగా కాలుతూ ఉండేది. పొద్దున్నే నివురు తీసి, పిడక ముక్క పెట్టి, గొట్టంతో ఊదితే పొయ్యి రాజుకునేది. రాత్రి నిప్పు ఆరిపోతే పిడక పట్టుకుని పక్కింటికి వెళ్ళాల్సిందే.

ఈమధ్య మా అమ్మాయి స్నేహితులతో ట్రెక్కింగ్‌కి వెళ్తూ సామాన్ల లిస్టు చూపించింది. అందులో 'ఫైర్ స్టార్టర్' అని ఒకటుంది. కొండల్లో వానకు తడిసి, చలి పట్టుకుని, దారి తెలియక ఇరుక్కుంటే చటుక్కున మంట వేసుకోవడానికి బ్యాగులో బరువు లేకుండా పెట్టుకునే వస్తువట. తీరా చూస్తే వాజలిన్ పట్టించిన దూది ఉండలు! ఇవి మన నెయ్యి ఒత్తులే కదా అనిపించింది. నిప్పును వెంట తీసుకెళ్ళిన మనుషుల కథ ఎక్కడ మొదలైందా అని అప్పటినుంచీ వెతికి చదువుతున్నాను.

1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులోని ఆల్ప్స్ మంచులో ఒక మనిషి శరీరం దొరికింది. అతను బతికింది దాదాపు 5,300 ఏళ్ళ కిందట. అతని దగ్గర చెట్టు బెరడుతో చేసిన చిన్న డబ్బాలున్నాయి. ఒకదానిలో పచ్చి ఆకుల్లో చుట్టిన బొగ్గులు పెట్టుకున్నాడు. నడుముకు కట్టుకున్న తిత్తిలో చెట్ల మీద పెరిగే ఒక రకం పుట్టగొడుగు ఉంది. దాన్ని చిదిపి దూదిలా చేస్తే నిప్పురవ్వను ఇట్టే పట్టుకుంటుంది. కొండదారిలో వెళ్ళేవాడు కణికనూ వెంట తీసుకెళ్ళాడు, అది ఆరిపోతే పనికొచ్చేదాన్నీ తీసుకెళ్ళాడు.

తర్వాత వేల ఏళ్ళపాటు మనుషులు రాయిని ఇనుముతో కొట్టి రవ్వలు పుట్టించారు. మన చెకుముకి అదే. రవ్వ రాలడం పెద్ద కష్టం కాదు. అది కన్నుమూసి తెరిచేలోపు ఆరిపోతుంది. ఆరిపోయేలోపు దాన్ని పట్టుకునే మెత్తని, పొడి వస్తువు ఉండాలి. మన వైపు దూది వాడారు. ఐరోపాలో ఇంటింటా ఒక రేకు పెట్టె ఉండేది. అందులో రాయి, ఇనుప ముక్క, మాడ్చిన పాత నారగుడ్డ ఉండేవి. ఆ గుడ్డను బూడిద కాకుండా నల్లగా మాడ్చడం, తేమ తగలకుండా దాచడం ఇంటిపనిలో భాగమే.

1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ అనే మందుల దుకాణదారు గీస్తే వెలిగే పుల్లలు అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన పుల్లల్లో తెల్ల భాస్వరం వాడారు. అది ఎక్కడ గీసినా వెలిగేది కానీ, ఫ్యాక్టరీల్లో దాని ఆవిరి పీల్చినవారి దవడ ఎముకలు కుళ్ళిపోయేవి. 1888లో లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో దాదాపు 1,400 మంది ఆడవాళ్ళు, బాలికలు సమ్మె చేశారు. వాళ్ళ అవస్థల గురించి పత్రికలో రాసింది అనీబిసెంట్. తర్వాతి కాలంలో మన మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టించిన అనీబిసెంటే! మన దేశంలో తెల్ల భాస్వరం పుల్లలను నిషేధిస్తూ 1913లో చట్టం వచ్చింది.

అప్పట్లో మనకు అగ్గిపెట్టెలు స్వీడన్, జపాన్‌ల నుంచి వచ్చేవి. 1920లలో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి ఆ పని నేర్చుకుని వచ్చి తమ ఊళ్ళో మొదలుపెట్టారు. అక్కడా పుల్లలు పేర్చి పెట్టెలు నింపిన చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే.

అగ్గిపెట్టె చవకయ్యాక నివురు కింద నిప్పు దాచే పని పోయింది. కానీ చిన్న మంటను నిలబెట్టే విద్య మన దేవుడి గూట్లో అలాగే ఉండిపోయింది. కార్తీకమాసంలో తెల్లవారుజామున, మంచు కురుస్తుంటే, చెరువు గట్టు మీద గాలిలో దీపాలు పెడతాం. అరటిదొప్పలో దీపాన్ని నీటిలో వదులుతాం. పౌర్ణమినాడు నెయ్యిలో నానిన 365 ఒత్తుల కట్ట వెలిగిస్తాం. పొడి దూది భగ్గున మండి క్షణాల్లో ఆరిపోతుంది. నెయ్యి పట్టిన దూది నిలిచి కాలుతుంది. మండేది నెయ్యి, దాన్ని మంటకు అందించేది దూది. ఛీజ్‌బ్రో అనే అమెరికన్ 1872లో పేటెంటు తీసుకున్న వాజలిన్ పనిచేసేదీ అలాగే.

అందుకని పిల్లలు కొండలకు వెళ్తుంటే వాళ్ళ సంచిలో పెట్టడానికి ఇంట్లో ఉన్నవే చాలు. నాలుగు దూది ఉండలకు వాజలిన్ బాగా పట్టించి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేయాలి. వెలిగించేముందు ఉండను కాస్త విప్పి పోగులు పైకి లాగితే వెంటనే అంటుకుంటుంది. హారతి కర్పూరం ఇంకా తేలిక, నీటి మీద తేలుతూ కూడా మండుతుంది. అయితే మూత వదులైతే నెల తిరిగేసరికి డబ్బా ఖాళీ. డబ్బు ఖర్చయిపోతే హారతి కర్పూరమైందని ఊరికే అనలేదు! సేఫ్టీ అగ్గిపుల్లకు పెట్టె పక్కనున్న పట్టీ మీదే గీయాలి కాబట్టి పుల్లలతోపాటు పట్టీ ముక్కనూ ప్లాస్టిక్ కవరులో చుట్టిపెట్టాలి. మంట వేసేటప్పుడు ముందు కొబ్బరిపీచు, తర్వాత సన్నపుల్లలు, ఆపైన లావు కట్టెలు. ఈ వరస కట్టెలపొయ్యి మీద వండిన ఏ అమ్మమ్మకైనా తెలుసు.

జాగ్రత్తలూ చెప్పాలి. హారతి కర్పూరం పచ్చకర్పూరం కాదు, పసిపిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకు వస్తుంది. తినే వస్తువులతో కలిపి పెట్టొద్దు. విమానంలో కర్పూరం తీసుకెళ్ళకూడదు. రిజర్వు అడవుల్లో నిప్పు రాజేయడం 1927 అటవీ చట్టం ప్రకారం నేరం. ఇది సరదా మంటలకు కాదు, ప్రాణం కాపాడుకోవడానికి దాచుకునేది. వాడాక నీళ్ళు పోసి, బూడిద కెలికి, చేత్తో తాకి చల్లబడిందని చూసుకోవాలి. నివురు కింద నిప్పు తెల్లవార్లూ ఉంటుందని మనకు తెలుసుగా!

జాన్ వాకర్ పేరు పుస్తకాల్లో ఉంది. వందల ఏళ్ళపాటు ఇంటి నిప్పును ఆరనివ్వని ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళుంటే నిప్పు ఎలా దాచేవారో, ఏ వేళ పక్కింటికి ఇచ్చేవారు కాదో, ఏ కట్టె బొగ్గు ఎక్కువసేపు నిలిచేదో అడిగి రాసిపెట్టుకోండి.