పండుగల వేళ వస్త్ర దుకాణాల షోకేసు అలంకరణ: చారిత్రక పరిశీలన (1874–1938)

వ్యాససంగ్రహం: అమెరికాలోని పెద్ద దుకాణాలు క్రిస్మస్ కాలంలో వీధివైపు షోకేసులను అలంకరించే పద్ధతి ఎలా ఎదిగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సరుకును చూపడంతో మొదలైన ఈ కళ, సరుకే కనిపించని దృశ్యం వరకు సాగిన తీరును వివరించడం దీని ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట పాతకాలపు బట్టల దుకాణంలో చీరలు మడతలతో అరల్లో ఉంటాయి. కొనేవారు పరుపు మీద కూర్చున్నాకే గుమాస్తా ఒక్కొక్కటి విప్పి పరుస్తాడు. అక్కడ ప్రదర్శన బేరంలో భాగం. షోకేసు పద్ధతి వేరు. కొనే ఉద్దేశం లేనివారికీ, కొనే స్తోమత లేనివారికీ కూడా అది కనిపిస్తుంది. చూడటాన్ని కొనడం నుంచి వేరుచేసిన ఈ మార్పు మూలాలను పందొమ్మిదో శతాబ్దపు నగరాల్లో వెతకాలి.

2. అద్దం, దీపం, బొమ్మ

పెద్ద పలకలుగా అద్దం తయారుకావడం, గ్యాసు దీపాలు, ఆపై విద్యుద్దీపాలు రావడం షోకేసుకు భౌతిక పునాది వేశాయి. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం 1874 క్రిస్మస్‌కు తన షోకేసుల్లో పింగాణి బొమ్మలను కొలువుదీర్చింది. పండుగ ప్రదర్శనల చరిత్రలో దీనిని తొలి ఘట్టాలలో ఒకటిగా చెబుతారు. అయితే ఆ రోజుల్లో చాలా దుకాణాలు ఉన్న సరుకంతా అద్దం వెనుక కుప్పగా పేర్చేవి. ఏది చూడాలో దారినపోయేవారికి తోచేది కాదు.

3. ఫ్రాంక్ బామ్ కృషి

ఈ పనికి శాస్త్ర ప్రతిపత్తి కల్పించినవారిలో ఎల్. ఫ్రాంక్ బామ్ ముఖ్యుడు. ఆయన 1888లో డకోటాలోని అబెర్డీన్‌లో ‘బామ్స్ బజార్’ తెరిచి, రెండేళ్లకే మూసివేయవలసి వచ్చింది. తర్వాత షికాగో చేరి 1897లో ‘ది షో విండో’ పత్రికను ప్రారంభించాడు. 1898లో షోకేసు అలంకర్తల జాతీయ సంఘాన్ని స్థాపించాడు. 1900లో దుకాణాల అలంకరణపై ఒక గ్రంథం ప్రకటించాడు. కదిలే యంత్రాలు, వెలుగు, కనుకట్టు వంటివాటితో బాటసారిని నిలబెట్టడం ఆయన పద్ధతి.

అదే 1900లో ఆయన పిల్లల నవల ‘ది వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్’ వెలువడింది. అందులోని మరకత నగరం పచ్చగా కనిపించడానికి కారణం అందరి కళ్లకూ బిగించిన ఆకుపచ్చ అద్దాలు. మహామాంత్రికుడు చివరికి తెర వెనుక దొరికిపోయిన మామూలు మనిషి. భ్రమను నిర్మించడం నేర్పిన చేతే భ్రమను బయటపెట్టిన కథనూ రాసింది. వినియోగ సంస్కృతి చరిత్రకారుడు విలియం లీచ్ ‘లాండ్ ఆఫ్ డిజైర్’ (1993)లో బామ్‌కు ప్రాధాన్యమిచ్చాడు. షోకేసు చరిత్రను సాహిత్య చరిత్రతో కలిపి చదవవలసిన అవసరాన్ని ఈ ఉదాహరణ సూచిస్తుంది.

4. సరుకు లేని షోకేసు

న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో 1914లో తెరిచిన లార్డ్ అండ్ టేలర్ భవనంలో షోకేసులను నేలమాళిగలో అలంకరించి, హైడ్రాలిక్ లిఫ్టులతో వీధి మట్టానికి ఎత్తేవారు. 1938 క్రిస్మస్‌కు అక్కడ ఒక్క దుస్తు కూడా పెట్టలేదు. ఊగే బంగారు రంగు గంటలు, వాటికి జతగా రికార్డు చేసిన గంటల నాదం మాత్రమే ఉన్నాయి. బట్టలమ్మే దుకాణం బట్టలను దాచి, పండుగను మాత్రమే చూపింది. ఆ తర్వాత సరుకు లేని క్రిస్మస్ షోకేసు ఆ దుకాణానికి సంప్రదాయమైంది. ఆ భవనంలోని దుకాణం 2019 జనవరిలో మూతపడింది.

5. ముగింపు

మన బొమ్మల కొలువులోనూ మెట్లు, వరుస, దీపం, చూడవచ్చిన పేరంటాళ్లు ఉంటారు. అయితే అక్కడ అమ్మకం లేదు. 1938 నాటి షోకేసు పైకి కొలువుకు దగ్గరగా వచ్చింది. కానీ కొలువు చూడవచ్చినవారిని ఇంట్లోకి పిలిచి పసుపుకుంకుమలు, తాంబూలం ఇచ్చి పంపుతారు. షోకేసు ముందు నిలిచిన పేదపిల్లకు దృశ్యం మాత్రమే దక్కుతుంది. వస్తువు అద్దానికి ఆవలే ఉండిపోతుంది. కాబట్టి పండుగ ప్రదర్శన ఎంత సరుకు అమ్మిందన్నది ఒక్కటే ప్రశ్న కాదు. కొనలేనివారికి అది ఏమి మిగిల్చిందన్నది కూడా చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న.