పదిహేను మైళ్ల దూరం: కలకత్తా చలనచిత్రంలో వృద్ధ నటులు, ప్రయాణాలు

నాటకం నటుని వద్దకు ప్రేక్షకుని రప్పిస్తుంది. చలనచిత్రం కెమెరా వద్దకు నటుని రప్పిస్తుంది. ఈ రెండు కళల మధ్య గల భేదాలలో ఇది పైకి చిన్నదిగా కనిపించినా, నటుని జీవితంలో దీని ప్రభావం స్వల్పమైనది కాదు. వయసులో ఉన్న నటునికి దూరప్రయాణం వృత్తిలో ఒక భాగం మాత్రమే. డెబ్బై, ఎనభై ఏళ్లు పైబడిన నటునికి అది పాత్రను అంగీకరించడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. 'అంత దూరం రాలేను' అని ఒక వృద్ధ నటుడు చెప్పినప్పుడు సాధారణంగా ఆ పాత్ర మరొకరికి పోతుంది. లేదా కథలో నుంచే తొలగిపోతుంది. అయితే దూరాన్నే తగ్గించి, నటుని నిలుపుకొన్న సందర్భాలు కూడా చలనచిత్ర చరిత్రలో లేకపోలేదు. కలకత్తా నగరం అటువంటి సందర్భాలకు పేరెన్నికగన్నది.

ఈ నగరంతో తెలుగు నటులకు గల సంబంధం పాతది. టాకీ యుగపు తొలి దినాలలో తెలుగుదేశంలో స్టూడియోలు లేవు. ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షాన సి. పుల్లయ్య 1933లో 'సతీ సావిత్రి'ని, 1934లో 'లవకుశ'ను కలకత్తాలోనే నిర్మించారు. యముడుగా వేమూరి గగ్గయ్య, సావిత్రిగా రామతిలకం, శ్రీరామునిగా పారుపల్లి సుబ్బారావు, సీతగా సీనియర్ శ్రీరంజని ఆ చిత్రాలలో నటించారు. కృష్ణా, గోదావరి తీరాల రంగస్థలాలపై పేరు పొందిన కళాకారులు తెలుగు మాటను తెరకెక్కించడం కోసం హౌరా దాకా రైలు ప్రయాణం చేయవలసి వచ్చింది. అది శక్తి ఉన్నవారి ప్రయాణం. 1934లో మద్రాసులో వేల్ పిక్చర్స్ 'సీతాకల్యాణం' నిర్మించడం, 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ వెలయడం వంటి పరిణామాలతో ఆ దూరం క్రమంగా తగ్గింది. ఈలోగా అంత దూరం పోలేని వయోవృద్ధుల కంఠాలు, అభినయాలు తెరకు అందకుండా పోయే అవకాశం ఎంతగా ఉండేదో ఊహించడం కష్టం కాదు. స్టూడియో ఎక్కడ ఉన్నదన్న విషయం ఎవరి కళ మిగులుతుందన్న విషయాన్ని కూడా కొంతవరకు నిర్ణయించింది.

ఇదే ప్రశ్న రెండు దశాబ్దాల తరువాత అదే నగరంలో మరొక రూపంలో ఎదురైంది. విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల 'పథేర్ పాంచాలి' 1929లో గ్రంథరూపం దాల్చింది. దానిని తెరకెక్కించ సంకల్పించిన సత్యజిత్ రాయ్‌కు అన్నింటికంటె కష్టమైనది ఇందిర్ ఠాక్రూన్ పాత్రకు తగిన నటిని వెదకడం. నవలలో ఆమె డెబ్బై ఐదేళ్ల వితంతువు. బుగ్గలు లోతుకు పోయి, నడుము వంగి, చూపు మందగించిన మనిషి. నడివయసు నటికి ముడతలు దిద్ది ఆ పాత్రను నడిపించడం రాయ్‌కు ఇష్టం లేదు. నిజంగా ఆ వయసులో ఉండి, సంభాషణలు జ్ఞాపకం పెట్టుకొని, చిత్రీకరణ శ్రమకు తట్టుకొనగల మనిషి కావాలి. ఈ మూడు గుణాలూ ఒకే వ్యక్తిలో కుదరడం అరుదు.

చిత్రంలో మరొక పాత్ర ధరించిన రేబాదేవి ద్వారా చునీబాలాదేవి ఆచూకీ తెలిసింది. ఒకనాటి బెంగాలీ రంగస్థల నటి అయిన చునీబాల వయసు అప్పటికి ఎనభైకి చేరువ. ఆమె ఏనాడో రంగాన్ని విడిచి, ఉత్తర కలకత్తాలో సమాజం గౌరవించని ఒక పేటలో కాలం గడుపుతున్నది. రాయ్ ఆమెను జోలపాట ఏదైనా వచ్చునా అని అడుగగా, ఆయనకు తెలిసిన పంక్తులను దాటి ఎంతో దీర్ఘమైన పాఠాన్ని ఆమె ఆగకుండా వినిపించింది. జ్ఞాపకశక్తి సంగతి తేలిపోయింది. ఇక మిగిలిన ప్రశ్న ప్రయాణానిదే. తెల్లవారుజామున ఆరు గంటలకు లేచి, పదిహేను మైళ్లు టాక్సీలో పోయి, పగలంతా పనిచేసి, మళ్లీ అంత దూరం తిరిగి రాగలరా అని రాయ్ అడిగారు. రాగలనని ఆమె చెప్పింది. రోజుకు ఇరవై రూపాయల పారితోషికం నిర్ణయమైంది.

ఆ చిత్రానికి ప్రధాన స్థలంగా నగర శివారులోని బోడాల్ గ్రామాన్ని ఎన్నుకొనడం ఎంత అవసరమో ఇక్కడ అర్థమవుతుంది. కథలోని నిశ్చిందిపురం వంటి పల్లెలు బెంగాల్‌లో మారుమూల జిల్లాలలో ఎన్నో ఉన్నాయి. కాని ధనం లేని ఒక బృందం ప్రతిరోజూ పోయి రాగలిగినంత దూరంలోనే పని సాగాలి. అదే దూరం చునీబాలకు కూడా కొలమానమైంది. బోడాల్ ఇంకొక యాభై మైళ్లు అవతల ఉండి ఉంటే ఆమె ఏమని ఉండేదో చెప్పలేము. ఆమె 'వద్దు' అని ఉంటే మాత్రం భారతీయ చలనచిత్రంలోని ఒక మహత్తర పాత్ర నేడు మనం చూస్తున్న రూపంలో ఉండేది కాదు.

చిత్రీకరణ 1952 అక్టోబరులో ఆరంభమై, ధనాభావం వల్ల మాటిమాటికి ఆగిపోతూ దాదాపు మూడు సంవత్సరాలు సాగింది. చివరకు ముఖ్యమంత్రి బిధాన్‌చంద్ర రాయ్ చొరవతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆర్థిక సహాయం అందించింది. చిత్రం పేరులో 'పథం' ఉన్నందున ఆ సొమ్మును రోడ్ల అభివృద్ధి పద్దు క్రింద చూపారన్న మాట నేటికీ ప్రచారంలో ఉన్నది. ఈ ఆలస్యంలో ప్రతి నెలా ఒక గండమే. అపూ పాత్రధారి కంఠం మారకపోవడం, దుర్గ పాత్రధారిణి ఎదిగిపోకపోవడం, ఇందిర్ ఠాక్రూన్ మరణించకపోవడం ఈ చిత్రాన్ని కాపాడిన మూడు అద్భుతాలని రాయ్ తరువాతి కాలంలో చెప్పుకొన్నారు.

చునీబాల టాక్సీ దిగిన తరువాత చూపిన శ్రద్ధ అసామాన్యం. ముందటి దృశ్యంలో తన కుడిచేయి తడిసి ఉన్నదనీ, మూట ఏ చేతిలో ఉన్నదనీ ఆమెయే గుర్తుచేసేదట. శవయాత్ర దృశ్యం వచ్చినప్పుడు, వెదురు పాడెపై పడుకోమని ఆ వయసు మనిషిని అడగడానికి రాయ్ సంకోచించారు. ఆమె ఏమాత్రం జంకలేదు. దృశ్యం ముగిసిన తరువాత కూడా ఆమె కదలకపోవడంతో అందరూ భయపడగా, అయిపోయిందని తనకెవరూ చెప్పలేదేమని లేచి ప్రశ్నించింది. 1955 ఆగస్టు 26న చిత్రం కలకత్తాలో విడుదలయ్యే నాటికి ఆమె జీవించి లేదు. 1956లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ మానవ పత్రంగా ఆ చిత్రం పొందిన గౌరవాన్ని కూడా ఆమె ఎరుగదు.

నటుని వయసుకు చిత్రం తలవంచిన ఉదాహరణలు కలకత్తాకే పరిమితం కావు. 1957లో స్వీడన్‌లో ఇంగ్మార్ బెర్గ్‌మాన్ నిర్మించిన 'వైల్డ్ స్ట్రాబెరీస్' ఒక వృద్ధ ఆచార్యుడు కారులో సాగించే దీర్ఘప్రయాణపు కథ. ఆ పాత్రధారి విక్టర్ షోస్ట్రామ్‌కు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆయన ఆరోగ్యం దృష్ట్యా ఆరుబయట తీయవలసిన దృశ్యాలను కొన్నింటిని స్టూడియోలోనే తీశారు. కారులోని సన్నివేశాలకు వెనుక తెరపై కదిలే దారిని చూపించారు. సాయంత్రం నిర్ణీత వేళకు ఆయన ఇల్లు చేరేటట్లు ఏర్పాటు జరిగింది. ప్రయాణమే కథావస్తువైన చిత్రంలో ప్రధాన నటుడు చేయవలసిన ప్రయాణం అతిస్వల్పం కావడం విశేషం.

కలకత్తాలోనే మరొక ఉదాహరణ మనకు సన్నిహితమైనది. హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ 1898లో హైదరాబాదులో జన్మించిన కవి, నటుడు. సరోజినీ నాయుడు సోదరుడు. 1974లో వచ్చిన 'సోనార్ కెల్లా'లో ఆయన సిధూ జ్యాఠా పాత్ర ధరించారు. ఆ చిత్రకథ కలకత్తాలో మొదలై రాజస్థాన్ ఎడారి మీదుగా జైసల్మేర్ కోట దాకా పోతుంది. సిధూ జ్యాఠా మాత్రం తన గదిలోనే కూర్చుని, ప్రపంచ సమాచారాన్నంతా జ్ఞాపకంలో నిలుపుకొని, ప్రయాణం చేయబోయేవారికి దారి చూపుతాడు. కదలని పాత్ర కూడా కథను కదిలించగలదని చెప్పడానికి ఇది చక్కని నిదర్శనం.

ఇందుకు భిన్నంగా ఛబి విశ్వాస్ జీవితం ప్రయాణాలతో నిండినది. 'జల్సాఘర్'లో జమీందారు పాత్ర కోసం ఆయన ముర్షీదాబాద్ జిల్లాలోని నిమ్‌తితా భవనానికి వెళ్లారు. 'కాంచన్‌జంఘా' కోసం డార్జిలింగ్ కొండలెక్కారు. ఆ చిత్రం విడుదలైన మరుసటి నెలలో, 1962 జూన్ 11న, అరవై ఒకటో ఏట రోడ్డు ప్రమాదంలో మరణించారు. ఆయన పోయిన తరువాత ఆ స్థాయి నటన కోరే పెద్ద వయసు పాత్రలను తాను రాయలేదని సత్యజిత్ రాయ్ చెప్పడం గమనార్హం. ఒక నటుడు లేకపోవడం ఒక తరహా పాత్రలనే లేకుండా చేసింది.

ప్రయాణాన్ని నిరాకరించడం కేవలం శరీర దౌర్బల్యం వల్లనే జరుగుతుందని భావించడం పొరపాటు. 1978 తరువాత నటన విరమించి, కలకత్తాలోని తన ఇంట ఏకాంతవాసం చేసిన సుచిత్రాసేన్, ఢిల్లీకి వచ్చి అందుకోవలసి ఉన్నందున 2005లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని కాదన్నారని ప్రసిద్ధి. సౌమిత్ర చటర్జీ బొంబాయి చిత్రసీమ ఆహ్వానాలను చాలావరకు స్వీకరించక, తన భాషలో, తన నగరంలో 2020లో మరణించే దాకా నటిస్తూనే ఉన్నారు. అక్కడ నిరాకరణ ఒక నిర్ణయం. తాను ఎక్కడ ఉంటేనే తానవుతాడో తెలిసిన కళాకారుని నిర్ణయం.

చునీబాలను పదిహేను మైళ్లు రాగలరా అని అడిగిన రాయ్‌కు కూడా అదే ప్రశ్న ఎదురుకాకపోలేదు. 1983లో 'ఘరే బాయిరే' నిర్మాణకాలంలో ఆయనకు గుండెపోటు వచ్చింది. కుమారుడు సందీప్ రాయ్ సహాయంతో ఆ చిత్రం పూర్తయింది. వైద్యుల సలహా మేరకు 1989లో 'గణశత్రు'ను స్టూడియో గోడల మధ్యనే తీశారు. ఇబ్సెన్ నాటకాన్ని ఆధారంగా ఎన్నుకొనడం ఆ పరిమితికి తగినట్లే ఉన్నది. అదే సంవత్సరం ఫ్రెంచి అధ్యక్షుడు ఫ్రాన్స్వా మిత్తెరాఁ కలకత్తాకు వచ్చి ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేశారు. 1992లో ఆస్కార్ గౌరవ పురస్కారం ఆయన ఆసుపత్రి పడక వద్దకే చేరింది. ఆ ఏప్రిల్ 23న ఆయన కన్నుమూశారు.

వృద్ధ కళాకారుల స్మృతిలో ఒక జాతి పాటలు, పలుకుబడులు, అభినయ రీతులు దాగి ఉంటాయి. చునీబాల కంఠంలో ఆ దీర్ఘమైన జోలపాట ఉన్నట్లే, ఊరూరా ఏదో ఒక ముదుసలి కంఠంలో మరొకటి ఉండవచ్చు. ఆమె అభినయం నేటికి మిగిలి ఉన్నదంటే, ఒక చిత్రబృందం ఆమె పోగలిగినంత దూరంలో పని పెట్టుకొన్నందువల్లనే. తక్కిన వారి విషయంలో ఆ పని ఇంకా మిగిలే ఉన్నది. వారు రాలేనన్నప్పుడు మరొకరిని వెదకడం సులువు. వారి గుమ్మం దాకా పోవడం శ్రమతో కూడినది. కాని వారితో పాటు పోయేదానిని ఏ రైలూ తిరిగి తీసుకురాలేదు.