‘నాకిష్టం’ నుంచి ‘ఐ లైక్’ దాకా

ఇంగ్లీషు చెప్పిన మనబోటి మాస్టర్లకు ‘ఐ లైక్ మ్యాంగోస్’ కంటే తేలికైన వాక్యం మరొకటి కనిపించదు. మూడే ముక్కలు. నేనూ అలాగే అనుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1976లో, ఆరో తరగతిలో ఆ వాక్యాన్ని ఒక్క పీరియడులో తేల్చేద్దామని బోర్డు మీద రాశాను. పదిమంది చేత పలికించాక, ఎవరికి వారు సొంతంగా ఒక వాక్యం చెప్పమన్నాను. వెనక బెంచీ కుర్రవాడొకడు ఉత్సాహంగా లేచి, “మ్యాంగో లైక్స్ మీ సార్” అన్నాడు.

నేను నవ్వాను. మాస్టారు నవ్వితే క్లాసు ఊరుకుంటుందా? పైగా “మామిడిపండుకే నువ్వంటే ఇష్టమట్రా!” అని ఒక మాట విసిరాను. మిగతా పిల్లలు వాడికి ‘మామిడిపండు’ అని పేరు పెట్టారు. పదో తరగతి దాకా మా బడిలోనే చదివాడు గాని, నా పీరియడులో తనంతట తాను మళ్లీ నోరు విప్పలేదు. పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు ఒక్కటే పోయింది.

ఆ వాక్యం వెనుక ఎంత చరిత్ర ఉందో నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు మన తెలుగు సంగతి చూద్దాం. ‘నాకు మామిడిపండు ఇష్టం’ అంటాం. ఇందులో క్రియ ఎక్కడుంది? లేనే లేదు. ‘నేను’ కూడా లేదు, ‘నాకు’ ఉంది. ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని మనం చిన్నప్పుడు వల్లించిన షష్ఠీ విభక్తి అది. పోనీ ‘నాకు మామిడిపండు నచ్చింది’ అందామంటే, నచ్చిన పని చేసింది పండు, నేను కాదు. పిల్లవాడు క్రియ కోసం వెతుక్కొని, దొరికిన ‘లైక్’ను ‘నచ్చు’ స్థానంలో పెట్టి, పండును కర్తగా నిలబెట్టాడు. వాడు తెలుగును తూచా తప్పకుండా ఇంగ్లీషులోకి దించాడన్నమాట.

హిందీ పండితుడికి ఈ తంటా లేదు. ‘ముఝే ఆమ్ పసంద్ హై’ అంటే మన ‘నాకు ఇష్టం’ అచ్చుపోసినట్టే ఉంటుంది. తమిళంలో ‘ఎనక్కు పిడిక్కుం’ అన్నా ఇదే తీరు. దూరాన ఉన్న స్పానిష్ వాళ్లు కూడా తమకు పండు నచ్చిందనే చెబుతారు గాని, తాము పండును ఏదో చేసినట్టు చెప్పరు. ఇష్టం అనేది మనం చేసే పని కాదు, మనకు కలిగేది అని ఇన్ని భాషలవాళ్లు అనుకున్నారు. ఇంగ్లీషువాడొక్కడే కర్త తానేనని ముందు వరుసలో నిలబడ్డాడేమిటని అనిపిస్తుంది.

అసలు విశేషం ఇక్కడే ఉంది. ఇంగ్లీషువాడు కూడా మొదట్లో అలా నిలబడలేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ‘లీకియన్’ అనే క్రియ ఉండేది. ఇప్పటి ‘లైక్’కు తాత అది. దాని అర్థం ‘నచ్చు’. నచ్చే వస్తువే కర్త. మనిషి మన ‘కు’ లాంటి విభక్తిలో ఉండేవాడు. అంటే ‘పండు నాకు నచ్చును’ అన్నదే అప్పటి సరైన ఇంగ్లీషు. కాలక్రమంలో విభక్తి ప్రత్యయాలు అరిగిపోయాయి. రాజు, పళ్లు, నచ్చు అనే మాటల్లో ఎవరు ఎవరికో చెప్పే గుర్తులు పోయి, వాక్యంలో ముందున్నవాడే కర్త అనే అలవాటు బలపడింది. డెన్మార్కు పండితుడు ఆటో జెస్పర్సన్ 1894లో వెలువడిన తన గ్రంథంలో, ‘రాజుకు పియర్ పళ్లు నచ్చాయి’ అనే వాక్యం అంచెలంచెలుగా ‘రాజు పళ్లను ఇష్టపడ్డాడు’గా మారిన వైనాన్ని చూపాడు. సింథియా ఆలెన్ అనే భాషావేత్త 1986లో ఈ కథను మళ్లీ తిరగదోడి, మార్పు అంత సాఫీగా జరగలేదనీ, పాత పద్ధతీ కొత్త పద్ధతీ చాలాకాలం పక్కపక్కనే నడిచాయనీ రాసింది. షేక్స్‌పియర్ నాటికి కూడా పాతది పూర్తిగా చావలేదు. ‘హామ్లెట్’లో క్లాడియస్ రాజు ఒక సంగతి తనకు నచ్చిందని చెప్పేటప్పుడు ‘లైక్’ను పాత తీరులోనే వాడతాడు.

1990 తర్వాత ఒక వేసవి సెలవుల్లో ఇంగ్లీషు భాషా చరిత్ర పుస్తకం తిరగేస్తూ ఈ భాగం చదివాను. చదివి పుస్తకం మూసేశాను. రాజుగారు అంటే ఒప్పయిన వాక్యనిర్మాణం మా వెనక బెంచీవాడు వాడితే నవ్వులాట అయింది.

అప్పట్లో మాకెవరికీ ఇది చెప్పలేదా అని మీరడగవచ్చు. మేం చదువుకున్న రోజుల్లో రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణమే వేదం. అందులో ప్రతి మాటకూ పేరు పెట్టి పార్సింగు చేసేవాళ్లం. (ఆ రెన్‌గారు బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖ ఉద్యోగి, ‘బో జెస్ట్’ నవల రాసిన మనిషి.) తర్వాత స్ట్రక్చరల్ పద్ధతి వచ్చింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. తర్వాత అది సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూ అయింది. అక్కడ తర్ఫీదు పొందివచ్చిన లెక్చరరే మాకు బి.ఎడ్.లో పాఠాలు చెప్పారు. పామర్, హార్న్‌బీ వంటివారు పెంచిన పద్ధతి అది. వాక్యాల మూసలను తేలికనుంచి కష్టానికి వరుసగా పేర్చి, పట్టికలు గీసి, డ్రిల్లు చేయించాలి. తెలుగు మాట రాకూడదు.

ఆ పద్ధతిని నేను తీసిపారేయను. ‘ఐ యామ్ ఓపెనింగ్ ది డోర్’ అంటూ తలుపు తీస్తే మొద్దబ్బాయికి కూడా అర్థమయ్యేది. కాని ‘ఐ లైక్’ను ఎలా చేసి చూపిస్తారు? లొట్టలు వేసి చూపిస్తే నవ్వుతారు. ఇష్టం కంటికి కనపడేది కాదు. అక్కడ తెలుగు వాక్యం పక్కన పెట్టి, ‘మనం ఇలా అంటాం, వాళ్లు ఇలా అంటారు’ అని రెండు నిమిషాలు చెబితే సరిపోయేది. తెలుగు వాడకూడదన్న నియమం ఆ రెండు నిమిషాలనూ మింగేసింది. ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప ఆ నియమాన్ని ఎవరూ పాటించలేదనుకోండి, అది వేరే కథ.

అయిష్టం దగ్గరకొస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. మనకు ఇష్టం లేదు, నచ్చదు, గిట్టదు, పడదు, సయించదు అని ఎన్ని మాటలు! ‘నాకు వంకాయ పడదు’ అంటే రుచి నచ్చకపోవచ్చు, దురద పుట్టవచ్చు. ఒకమ్మాయి “బ్రింజాల్ నాట్ ఫాలింగ్ టు మీ” అని రాసింది. ఆ పాటికి నాకు కొంత బుద్ధి వచ్చింది కాబట్టి నవ్వకుండా, నీకు వంకాయ అసహ్యమా, ఒంటికి సరిపడదా అని అడిగాను. “ఒళ్లంతా దద్దుర్లండీ” అంది. అప్పుడు నేర్పవలసిన వాక్యం ‘ఐ డోంట్ లైక్’ కానే కాదు కదా.

ఇక ‘లైక్’కు ‘ఇంగ్’ చేర్చకూడదని ముప్పై ఏళ్లు పోరాడాను. ‘ఐ యామ్ లైకింగ్’ అని కనిపిస్తే ఎర్రసిరా. 2003లో మెక్‌డొనాల్డ్స్ వాళ్లు ‘ఐ యామ్ లవింగ్ ఇట్’ అని ప్రపంచమంతా బోర్డులు కట్టారు. మా మనవరాలు దాన్ని చూపించి, “తాతయ్యా, దీనికి సున్నా వేస్తావా?” అని నిలదీసింది. ప్రకటనలవాళ్లకు మార్కులు అక్కర్లేదమ్మా అని తప్పించుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఆనాటి పదో తరగతివాళ్లు పూర్వ విద్యార్థుల సమావేశం పెట్టి నన్ను పిలిచారు. వెనక బెంచీవాడు రాలేదు. భిలాయిలో ఏదో పనిలో ఉన్నాడన్నారు. నన్ను మాట్లాడమన్నప్పుడు శాలువా పక్కన పెట్టి, పియర్ పళ్ల రాజుగారి కథంతా చెప్పి, ఆ రోజు నవ్వింది ముందు నేనేనని ఒప్పుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, జుట్టంతా నెరిసిపోయింది, లేచి, “అయితే సార్, వాడి వాక్యానికి ఇప్పుడు మార్కు వేస్తారా?” అన్నాడు.

వెయ్యనన్నాను. ఇవాళ్టి ఇంగ్లీషులో అది తప్పే. వాడి ఫోను నంబరు మాత్రం అడిగి రాసుకున్నాను.