పెంటకుప్పకు పైకమెవరిచ్చారు?



ఎరువుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఏ ఎరువు మంచిది, ఎకరానికి ఎన్ని బండ్లు తోలాలి అనే మాట్లాడుకుంటాం. ఆ ఎరువును పరీక్షించి చూచిన వారికి డబ్బు ఎవరిచ్చారని మాత్రం అడగం. ఈ వేళ ఆ ప్రశ్న తీసుకుందాం. దీని వెనుక నూరేళ్ళు దాటిన చరిత్ర ఉన్నది. అది తెలిస్తే, సేంద్రియ వ్యవసాయం గురించి నేడు సాగుతున్న వాదాలలో ఏది గింజో ఏది పొల్లో చెరిగి చూచుకోవచ్చు.

1889లో ప్రభుత్వంవారు ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి మన దేశానికి పిలిపించారు. ఇక్కడి వ్యవసాయం బాగుపడటానికి ఏం చేయాలో చెప్పమన్నారు. ఆయన ఏడాదికి పైగా దేశం తిరిగి, 1893లో పెద్ద నివేదిక ప్రచురించాడు. ఇక్కడి రైతుకు సేద్యం రాదని ఆయన వ్రాయలేదు. అనేక చోట్ల మన రైతుల పనితనాన్ని మెచ్చుకున్నాడు. లోటంతా నీటిలోనూ ఎరువులోనూ ఉన్నదన్నాడు. ఎరువు ఎందుకు లేదు? కట్టెలు దొరకక పేడ పిడకలై పొయ్యిలోకి పోతున్నది గనుక. కాబట్టి ఊళ్ళకు దగ్గరగా వంటచెరకుకూ పశువుల మేతకూ వనాలు పెంచమని సలహా చెప్పాడు. చూడండి, ఎరువు సమస్య పొలంలో మొదలు కాలేదు, వంటింట్లో మొదలైంది! ఇది గ్రహించటానికి ఒకడు ఏడాది పాటు ఊళ్ళు తిరగవలసి వచ్చింది. ఆ తిరుగుడుకు ఎవరో ఖర్చు పెట్టవలసి వచ్చింది.

ఆ తరువాత 1905లో బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ వెలసింది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనికుడు 30 వేల పౌండ్లు విరాళం ఇవ్వటం వల్ల దానికి ఊపిరి వచ్చింది. ఆ ఏడే ఆల్బర్ట్ హవర్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ ఉద్యోగంలో చేరాడు. ఇంగ్లండులో ఒక రైతు ఇంట పుట్టినవాడు. ఆయన, ఆయన భార్య గాబ్రియేల్ కలిసి పూసా 4, పూసా 12 వంటి గోధుమ రకాలు తీసి పేరు పొందారు. కాని మంచి విత్తనం ఒక్కటే చాలదని, నేల సత్తువ పెరగకపోతే విత్తనం సగం పనే చేస్తుందని వారికి తోచింది. ఆ సంగతి పరిశీలించటానికి పూసాలో వీలు చిక్కలేదు. ఎందుచేతనంటే అక్కడ మొక్క ఒకరిది, తెగులు ఇంకొకరిది, పురుగు వేరొకరిది, మట్టి మరొకరిది. శాఖకూ శాఖకూ మధ్య గోడలున్నాయి. రైతు పొలంలో అవన్నీ ఒకే చోట ఉంటాయన్న సంగతి ఆఫీసు కాగితాలకు పట్టదు కదా!

ఇక్కడ మన కథకు ముఖ్యమైన మలుపు వస్తుంది. 1921లో భారత కేంద్ర పత్తి సంఘం ఏర్పడింది. 1923లో పత్తి సుంకం చట్టం చేశారు. ఎగుమతి అయ్యే పత్తి మీదా, మన మిల్లులు వాడే పత్తి మీదా, 400 పౌనుల బేలుకు కొద్ది అణాల లెక్కన సుంకం వసూలు చేసి పత్తి పరిశోధనకు ఖర్చు పెట్టాలి. అణాలే. అయినా దేశమంతటి బేళ్ళు కలిస్తే అణాలు రూపాయలవుతాయి, రూపాయలు ఏటేటా వస్తాయి. ఆ సొమ్ముతోనూ, మధ్యభారత సంస్థానాల చందాలతోనూ 1924లో ఇందూరులో మొక్కల పరిశోధన సంస్థ పెట్టారు. ఇందూరు దర్బారువారు 300 ఎకరాల భూమి ఇచ్చారు. హవర్డుకు తన ఇష్టప్రకారం పరిశోధన నడుపుకొనే స్వేచ్ఛ దొరికింది.

ఆయన అక్కడ ఏం చేశాడో మన రైతులకు ప్రత్యేకంగా చెప్పాలి. పొలంలో మిగిలిన చెత్త ఏదీ పారవేయనివ్వలేదు. పత్తికట్టె, కందికట్టె గట్టిగా ఉంటాయి, త్వరగా చివకవు. వాటిని క్షేత్రంలోని బండ్ల బాట మీద పరిపించాడు. రోజూ తిరిగే ఎడ్లబండ్ల చక్రాల కింద అవి నలిగి పీచు పీచయ్యేవి. దీనికి వేరే యంత్రం లేదు, వేరే కూలీ లేదు. పశువుల కొట్టంలో నేల మట్టిదే ఉంచి, మూత్రం పీల్చుకున్న ఆ మట్టిని మూడు నాలుగు నెలలకొకసారి తవ్వి తీసి కొత్త మట్టి పోయించాడు. నలిగిన కట్టె, ఆకు అలము, పేడ, ఈ మూత్రపు మట్టి, కాస్త బూడిద కలిపి, 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, రెండు మూడడుగుల లోతు గల గోతులలో వదులుగా నింపేవారు. నీళ్ళు చల్లి, మూడుసార్లు తిరగవేస్తే మూడు నెలల్లో నల్లని చివికిన ఎరువు తయారయ్యేది. తిరగవేయటం గాలి కోసమే. గాలీ తేమా సమంగా ఉంటే కంటికి కనబడని సూక్ష్మజీవులే పని చేసిపెడతాయి. మన పెంటకుప్పలో ఎరువు ఏడాది పాటు ఎండకు ఎండి వానకు కడుక్కుపోయేది. ఇక్కడ మూడు నెలలు చాలింది.

ఈ పద్ధతి హవర్డు ఒక్కడి బుర్రలో పుట్టలేదు. చైనా రైతులు తరతరాలుగా చేస్తున్న పనిని గురించి అమెరికావాడైన కింగు వ్రాసిన పుస్తకం 1911లో వెలువడింది. దానిని హవర్డు చదివాడు. మన రైతుల అలవాట్లు కళ్ళారా చూచాడు. యశ్వంత్ వాడ్ అనే మన రసాయన శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో లెక్కలు తేల్చాడు. 1931లో ఇద్దరి పేర్లతోనూ పుస్తకం వచ్చింది. గాబ్రియేల్ గారు అంతకు ముందటి ఏడే చనిపోయారు. హవర్డు 1931లో ఇంగ్లండు వెళ్ళిపోయాడు. తరువాతి కాలంలో ఆయన కంపోస్టుతో సర్వరోగాలూ కుదురుతాయన్నంత దూరం పోయాడు. అది మనం యథాతథంగా నమ్మనక్కరలేదు. ఇందూరు గోతిని మాత్రం నమ్మవచ్చు, అది కొలిచి చూచినది.

ఆలోచించండి. కంపోస్టును సంచిలో పోసి అమ్మేవాడు ఆనాడు ఎవడూ లేడు. లాభం వచ్చే దారి లేని వస్తువు మీద వ్యాపారి పరిశోధన చేయించడు, అందుకు అతణ్ణి తప్పుపట్టటానికీ లేదు. పత్తి బేళ్ళ మీద పడిన అణాలు పోగవబట్టి పెంటకుప్పను గురించి అడిగే అవకాశం ఒక శాస్త్రజ్ఞుడికి కలిగింది.

డబ్బు ఉంటే చాలదు, అది చాలాకాలం నిలకడగా రావాలి. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే చోట 1843లో లాస్ అనే ఆయన గోధుమ మడులలో ప్రయోగం మొదలుపెట్టాడు. ఆయన సూపర్‌ఫాస్ఫేటు తయారుచేసే ఫ్యాక్టరీ యజమాని! అయినా ఒక మడికి ఏటా పశువుల ఎరువే వేయించాడు. తాను పోయినా ప్రయోగం ఆగకుండా 1889లో లక్ష పౌండ్లు ధర్మనిధిగా పెట్టాడు. ఆ ప్రయోగం నేటికీ నడుస్తున్నది. పశువుల ఎరువు మడిలోని మట్టిలో సేంద్రియ కర్బనం, ఏ ఎరువూ వేయని మడిలో కంటె రెండింతలకు పైగా ఉన్నది. ఇటువంటి ఫలితం మూడేళ్ళ పథకంలో బయటపడదు. మన దక్షిణాదిన కోయంబత్తూరులో 1909లో శాశ్వత ఎరువుల ప్రయోగం మొదలైంది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా మద్రాసు రాజధానిలోవే గనుక, అది మన పూర్వుల పన్నులతో పుట్టినదే అనుకోవచ్చు. 1970లో భారత వ్యవసాయ పరిశోధన మండలి వారు దేశంలో అనేక చోట్ల దీర్ఘకాల ప్రయోగాలు పెట్టారు. రసాయనాలతో పాటు పశువుల ఎరువు కూడా పడిన మడులు దిగుబడి నిలుపుకోవటంలో సాధారణంగా ముందున్నాయని అవి చూపించాయి. ఒక్క నత్రజని మీదే ఆధారపడిన మడులు క్షీణించాయి.

1960 తరువాత దేశానికి తిండి కొరత వచ్చింది. కొత్త విత్తనమూ యూరియా కలిసి గాదెలు నింపిన మాట నిజం, దానిని కాదనటం కృతఘ్నత. కాని పరిశోధనా, సబ్సిడీ, మా విస్తరణ శాఖ శ్రమ, అన్నీ ఆ ఒక్క దారినే పోయాయి. ఇందూరు గోతికి పైకమిచ్చిన పత్తి సంఘం 1960లలోనే రద్దయింది. పెంటకుప్ప అనాథ అయింది. ఆ ఆలోచన విదేశాలలో పెరిగి పెద్దదై, 2001 ప్రాంతాన ఎగుమతి కోసం ధ్రువీకరణ పత్రంతో మన గుమ్మంలోకే తిరిగి వచ్చింది. పత్రం కోసం ఇప్పుడు మన రైతే రుసుం కట్టుకోవాలి, వింత కాదూ?

మన ప్రాంతంలో అడుగు ముందు వేసినది రైతులూ, మహిళా సంఘాలూ. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం వారు పత్తికి పురుగుమందులు మానుకొని వేపగింజల కషాయంతో, పక్షి స్థావరాలతో నెట్టుకువచ్చారు. 2004 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా ఆ పద్ధతి ఊళ్ళకు పాకింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మొదలైంది. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ వారు దీనికి తగిన ఆధారాలు చాలవన్నారు. మంచిదే. అయితే ఆధారాలు చెట్టుకు కాయవు కదా! ఏళ్ళ తరబడి కొలవటానికి నిధులిస్తేనే ఆధారాలు వస్తాయి.

కొలవకుండా దూకితే ఏమవుతుందో శ్రీలంక చూపింది. 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా నిషేధించారు. వరి దెబ్బతిన్నది, రైతులు వీధిన పడ్డారు, ఆ నవంబరులోనే నిషేధం ఎత్తివేశారు. దేశానికి సరిపడే సేంద్రియ ఎరువు ఎక్కడున్నదో ముందు లెక్క చూడలేదు. ఆ లెక్క కూడా పరిశోధనే.

మన కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకృతి వ్యవసాయ జాతీయ మిషన్‌ను ఆమోదించింది. 2025-26 వరకు కేంద్ర, రాష్ట్రాల వాటాలు కలిపి 2,481 కోట్ల రూపాయలు. దాని పక్కన ఈ అంకె పెట్టి చూడండి: 2022-23 ఒక్క ఏడాదిలో రసాయన ఎరువుల సబ్సిడీ సుమారు రెండున్నర లక్షల కోట్లు. ఆ ఏడు యుద్ధం వల్ల ధరలు మండిపోయిన మాట వాస్తవమే. అయినా తేడా మీ కంటికే కనబడుతున్నది. సబ్సిడీ రేపే తీసివేయమని నేననను, శ్రీలంక మాట ఇప్పుడే చెప్పుకున్నాం. దానిలో నూటికి ఒక్క రూపాయి పక్కన తీసి, పదేళ్ళకు తక్కువ కాకుండా, ప్రతి జిల్లా నేలలో దీర్ఘకాల ప్రయోగాలకు కేటాయించమంటాను. నల్లరేగడిలో ఒకటి, చల్కా నేలలో ఒకటి, డెల్టా వరిమడిలో జనుము, జీలుగ, పిల్లిపెసరతో ఒకటి. ఖర్చూ రాబడీ కూడా లెక్క వ్రాయాలి, దిగుబడి ఒక్కటే చాలదు.

మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి శాస్త్రీయ సలహా సంఘం ఉంటుంది. అందులో రైతు ప్రతినిధులకు చోటున్నది. ఈసారి సమావేశం ఎప్పుడో కనుక్కొని, మీ ప్రతినిధి చేత మూడు మాటలు అడిగించండి: సేంద్రియ ఎరువు మడి మన కేంద్రంలో ఉన్నదా, అది ఎన్నేళ్ళ నుంచి ఆగకుండా నడుస్తున్నది, వచ్చే ఏటికి దానికి డబ్బు మంజూరైందా. జవాబు కాగితం మీద తీసుకోండి.