అణువులలో కుడియెడమలు

నూజివీడు తోటలలో మిగులబండిన చిన్నరసమును మెత్తగా పిసికి, తొడిమయొద్ద గిల్లి, జుఱ్ఱుకొనువానికి, ఆ తీపిలోని చక్కెరలన్నియు అణునిర్మాణమున ఒక్క చేతివాటమునకే చెందినవనియు, అద్దపు ప్రతిబింబము వంటి వాని జోడు చక్కెరలను ఆ చెట్టు ఎన్నడును వండదనియు తోచుటకు అవకాశము లేదు. మన పులుసులోని చింతపండునకు పులుపునిచ్చు టార్టారికామ్లమును ఇట్టిదే. ఈ శాస్త్రము పుట్టినదియు ఆ ఆమ్లమునుండియే.

1848లో ఇరువదియైదేండ్ల లూయీ పాశ్చర్, ఆ ఆమ్లమునకు సోదరమయ్యు కాంతిని ఏవైపునకును త్రిప్పని రసీమికామ్లపు లవణమును స్ఫటికములుగా కట్టించి పరికింపగా, కొన్నింటి చిన్నముఖములు కుడికిని, కొన్నింటివి ఎడమకును ఒరిగియుండెను. వానిని ఒక్కొక్కటిగా ఏరి, రెండు కుప్పలు చేసి, వేర్వేరుగా నీట కరగింపగా, ఒక ద్రావణము ధ్రువిత కాంతిని, అనగా ఒకే తలమున కంపించు కాంతిని, కుడికి త్రిప్పెను. రెండవది అంతియే ఎడమకు త్రిప్పెను. అనగా ఆ లవణము ఒకదానికొకటి ప్రతిబింబములైన రెండు రూపముల సమమిశ్రమము.

ప్రయోగశాలలో మామూలుగా రెండు రూపములును సరిసమానముగనే పుట్టుచుండగా, ప్రాణికోటి మాంసకృత్తులకు ఎడమవాటపు అమైనో ఆమ్లములను, డి.ఎన్.ఎ.కు కుడివాటపు చక్కెరను ఏల వరించెను? 1953లో చార్లెస్ ఫ్రాంక్ అను శాస్త్రజ్ఞుడు గణితముచే ఒక దారి చూపెను: తనవంటిదానిని తానే పుట్టించుచు, తన ప్రతిబింబమును అణచు పదార్థమున్నచో, తొలినాటి స్వల్పాధిక్యమే తుదకు సర్వాధిపత్యమగును.

ఇట్టి పరిణామమును కనులయెదుట నిలిపినవారు, అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయమున పనిచేసిన, తెలుగు ఇంటిపేరుగల కొండేపూడి దిలీప్‌గారు. 1990లో ఆయనయు సహచరులును ప్రకటించిన ప్రయోగమునకు సాధనము సోడియం క్లోరేటు. అది నీట కరగియున్నంతకాలము కుడియెడమల నెరుగదు, స్ఫటికమైనప్పుడే వాటము పొందును. ద్రావణమును కదపక విడిచినచో సగటున రెండును సమముగ నేర్పడును; కలుపుచుండినచో ఒక్కొక్క పాత్రలో ఇంచుమించు అన్నియు ఒకే వాటమున దిగును. ఏలయన, తొలి స్ఫటికమునుండి తాకిడికి రాలిన తునకలు వేలకొలది స్ఫటికములకు విత్తనములై, ద్రావణపు గాఢతను తగ్గించి, రెండవ వాటమునకు తావీయవు. ఎక్కడనో మొలిచిన ఒక్క మామిడిచెట్టు అంటుల మూలమున తోటలనిండ వ్యాపించిన చందమిది. అయితే ఏ పాత్రకు ఏ వాటము దక్కునో ముందుగ చెప్పుట అలవికాదు.

జీవమునకు దక్కిన వాటమును ఇట్టి కాకతాళీయమేనా? కాకపోవచ్చును. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ యొద్ద పడిన ఉల్కలో, మన మాంసకృత్తులలో కానరాని కొన్ని అమైనో ఆమ్లములందును ఎడమవాటము కొన్నిపాళ్ళు మిక్కిలియున్నదని క్రోనిన్, పిజరెల్లో అను శాస్త్రజ్ఞులు 1997లో కనుగొనిరి. ఆ మొగ్గు స్వల్పమే. ఫ్రాంక్ గణితమునకు అంతకంటె తక్కువైనను చాలును. కావున నేటి అసలు వెదకులాట, అల్పమును అనల్పము గావించిన ఆ ప్రక్రియ ఆదిమభూమిపై ఏ పదార్థమున సాగెనన్న దానికొరకే.