వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1976

అప్పు సాకుతో మనిషిని పనికి కట్టిపడేయడాన్ని నిషేధించిన భారత కేంద్ర చట్టం. బలవంతపు పనిని నిషేధించే రాజ్యాంగం 23వ అధికరణమే దీనికి ఆధారం. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, మరుసటి ఏడాది చట్టమైంది. దీంతో వెట్టి అప్పులు రద్దయ్యాయి. తీర్చాల్సిన పని లేదు.

అలవాటుగా సాగే వెట్టి రూపాల జాబితా ఒకటి ఇందులో ఉంది. పాలేరు, జీతం, భగేలా, వెట్టి అందులోవే. తెలంగాణ పల్లెలకు ఇవి కొత్త కావు. అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేయాల్సింది అప్పిచ్చినవాడే. కాగితం ముక్కైనా దగ్గరుండని కూలీకి చట్టంలో అసలు బలం ఇదే. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు పనేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో తేల్చింది.

శిక్ష మూడేళ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా. జరిమానా నేటికి నామమాత్రమే. విచారణాధికారాన్ని కార్యనిర్వాహక మెజిస్ట్రేట్లకు ఇవ్వవచ్చు. అమలు బాధ్యత రాష్ట్రాలది. జిల్లా, సబ్‌డివిజన్ స్థాయుల్లో విజిలెన్స్ కమిటీలు ఉండాలి. 2016 పునరావాస పథకం కింద బాధితుల స్థితిని బట్టి లక్ష నుంచి మూడు లక్షల రూపాయల సాయం ఉంది.