చెక్కు చెదరలేదు, బ్రాంచి చెదిరింది

1659 ఫిబ్రవరి 16న లండన్‌లో నికొలస్ వానెకర్ అనే ఆయన ఒక చీటీ రాశాడు. డెల్బో గారికి 400 పౌన్లు ఇప్పించవలసిందని దాని సారాంశం. రాసింది మోరిస్, క్లేటన్ అనే ఇద్దరు లేఖరుల పేర. వాళ్లు దస్తావేజులు రాస్తూ, పనిలో పనిగా జనం సొమ్ము దాచిపెట్టే వ్యాపారమూ చేసేవారు. దానిమీద అచ్చు లేదు, నంబరు లేదు, అడ్డగీతలు లేవు. మన షావుకార్లు ఒకరి పేర ఒకరు రాసుకున్న హుండీకీ దీనికీ పెద్ద తేడా కనపడదు. బ్రిటన్‌లో మిగిలిన చెక్కుల్లో బాగా పాతదిగా దీన్నే చెబుతారు.

చీటీ రాయడం తేలికే. అది సొమ్ము కావాలంటే మాత్రం ఎవరో ఒకరు నడవాలి. చెక్కు చరిత్రంటే ఆ నడక ఎప్పుడు ఎవరి కాళ్లమీద పడిందన్న కథేనని నాకనిపిస్తుంది.

18వ శతాబ్దంలో అది గుమాస్తాల కాళ్లమీద పడింది. తమ బ్యాంకులో జమైన చెక్కులు పట్టుకుని, వానా మంచూ అనకుండా ఊళ్లోని మిగతా బ్యాంకుల గడపలన్నీ తొక్కి సొమ్ము వసూలు చేసుకురావాలి. ఈయన వాళ్ల బ్యాంకుకు వెళుతుంటే అక్కడి గుమాస్తా ఈయన బ్యాంకుకు వస్తుంటాడు. 1770 ప్రాంతంలో ఆ గుమాస్తాలే దీనికో ఉపాయం కనిపెట్టారు. లాంబర్డ్ వీధి పక్కన ఫైవ్ బెల్స్ అనే సారాకొట్లో కలుసుకుని, మీవి మా దగ్గర ఇన్ని, మావి మీ దగ్గర ఇన్ని అని చెక్కులు మార్చుకుని, తేడా మాత్రం చెల్లించుకునేవారు. బ్యాంకింగ్‌లో ఇంత పెద్ద మార్పు యజమానుల బుర్రలోంచి కాక కింది ఉద్యోగుల కాళ్లనొప్పుల్లోంచి పుట్టిందంటే ముచ్చటేస్తుంది.

కొట్లో మొదలైన ఆ పని తర్వాత ఒక పెద్ద గదికి మారింది. కంప్యూటర్‌కు తాతలాంటి లెక్కల యంత్రాన్ని ఊహించిన చార్లెస్ బాబేజ్ 1832 నాటి పుస్తకంలో ఆ గదిని వర్ణించాడు. చుట్టూ బల్లలు. బ్యాంకుల పేర్ల అక్షరక్రమంలో సుమారు ముప్పైమంది గుమాస్తాలు. ఒక్కొక్కరి తల వెనక గోడమీద వాళ్ల బ్యాంకు పేరు పెద్ద అక్షరాల్లో, పక్కనే మూతలేని పెట్టె. వేరే గుమాస్తాలు వరసగా నడుస్తూ ఎవరి చెక్కులు వాళ్ల పెట్టెలో పడేసి పోతుంటారు. ఆ గదిలో రోజుకు సగటున 25 లక్షల పౌన్ల లెక్క తెగేదట. అందుకు కావలసింది సుమారు 2 లక్షల పౌన్ల నోట్లు, 20 పౌన్ల చిల్లర! మనం ఇప్పటికీ చెక్కుమీద గీసే ఆ రెండు అడ్డగీతలకు మూలం కూడా ఈ గుమాస్తాలే. ఏ చెక్కు ఏ బ్యాంకు ద్వారా వచ్చిందో తెలియడానికి బ్యాంకు పేరు అడ్డంగా రాసుకునే వాడుక వాళ్లది. 1856లో చట్టం దాన్ని గుర్తించింది.

చట్టమంటే గుర్తొచ్చింది. చెక్కుల న్యాయాన్నంతా ఒకచోట చేర్చిన బ్రిటిష్ చట్టం 1882 నాటిది. వాళ్లే మన దేశానికి రాసిపెట్టిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం మాత్రం 1881ది. దొరల కన్నా ఏడాది ముందు మనకొచ్చింది.

చట్టాలు అలా ఉంచి ఇంటి బిల్లుల సంగతికొస్తే, గత శతాబ్దంలో బ్యాంకు ఖాతా ఉన్న బ్రిటిష్ కుటుంబాలు గ్యాసు, కరెంటు, నీళ్లు, పన్ను బిల్లులకు చెక్కు రాయడం మామూలే. పన్ను బిల్లు మీద కసితో ఒకడు ఆవు ఒంటిమీద చెక్కు రాసి పన్నుల ఆఫీసుకు తోలుకెళ్లినట్టు 1924లో ఏ.పి. హెర్బర్ట్ ఒక హాస్యకథ రాస్తే, చాలామంది అది నిజంగా జరిగిన కేసనుకున్నారు. మా ఇంట్లో అంత సాహసం లేదు. నాన్న కరెంటు బిల్లు చెక్కు వెనక సర్వీసు నంబరు రాసి, అంకెల చివర గీత లాగి, 'మాత్రమే' పక్కన ఖాళీ లేకుండా చూసి, సంతకం ఆరేదాకా ఊదేవారు.

1990లో బ్రిటన్ వాళ్లు దాదాపు 400 కోట్ల చెక్కులు రాశారు. అదే శిఖరం. కార్డులొచ్చాక తగ్గుముఖం పట్టింది. 2009 డిసెంబరులో అక్కడి పేమెంట్స్ కౌన్సిల్ చెక్కుకు మరణ ముహూర్తం పెట్టేసింది: 2018 అక్టోబరు 31. వృద్ధులు, ధర్మసంస్థలు, చిన్న వ్యాపారులు గగ్గోలు పెట్టారు. పార్లమెంటు కమిటీ నిలదీసింది. 2011 జులైలో కౌన్సిల్ వెనక్కి తగ్గింది. చెక్కు బతికింది, జనం గెలిచామనుకున్నారు.

గెలిచింది కాగితం వరకే. 2017 అక్టోబరు 30న కొత్త పద్ధతి మొదలైంది. కాగితం కదలదు, దాని బొమ్మ వెళుతుంది. అంతకుముందు వ్యాన్లలో ఊళ్లు దాటిన చెక్కు సొమ్ము మర్నాటి పనిదినానికే చేతికొస్తుంది. గుమాస్తా నడక పూర్తిగా ఆగిపోయింది. కానీ 2015 నుంచి ఇప్పటిదాకా ఆ దేశంలో మూతపడిన బ్రాంచీలు 6,000 దాటాయి. చెక్కు రాసేవాడికి బ్రాంచితో పని లేదు, వీధి చివర తపాలా పెట్టె చాలు. పుచ్చుకున్నవాడికే చిక్కు. ఫోనుతో ఫొటో తీసి జమ చేసుకోవచ్చు, నిజమే. అయితే అది చేతనైనవాళ్లకు, బ్యాంకు పెట్టిన పరిమితి లోపల. చందా చెక్కులు పోగేసుకున్న ఊరి క్లబ్బు కోశాధికారి మాత్రం పోస్టాఫీసుకో, పక్క ఊరికో బయల్దేరాలి. నడక గుమాస్తా కాళ్లమీంచి దిగి ఖాతాదారు కాళ్లమీద పడింది.

దానికీ మందు వెతికారు. 2021లో ఎసెక్స్‌లోని రోచ్‌ఫర్డ్, స్కాట్లండ్‌లోని కాంబస్‌లాంగ్‌లలో ఉమ్మడి బ్యాంకు కేంద్రాలు తెరిచారు. కౌంటరు పోస్టాఫీసుది, పక్క గదిలో రోజుకో బ్యాంకు మనిషి కూర్చుంటాడు, అచ్చం మన వారపు సంతలాగా. ఇప్పుడవి వంద దాటాయి. ఈ ఆలోచన కొత్తదీ కాదు. 1946లోనే లూయిస్ దీవిలో నేషనల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ వ్యానులో బ్యాంకును ఊరూరా తిప్పింది. అప్పుడు బ్యాంకు లేని ఊరికి బ్యాంకు వెళ్లింది, ఇప్పుడు ఉన్న బ్యాంకును పీకేశాక వెళుతోంది. రెండూ ఒకటే సేవ అంటే నేనొప్పుకోను.

మన దగ్గర చెక్కు ఇప్పుడు ఇంకా చురుకైంది. 2025 అక్టోబరు 4 నుంచి రిజర్వు బ్యాంకు కొత్త ఏర్పాటుతో ఉదయం వేసిన చెక్కు సంగతి ఆ సాయంత్రానికే తేలుతోంది. చెక్కు వేగం పెరిగింది, దానిమీద పేర్లే మారాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అంతకు మూడేళ్ల ముందు అదే తేదీన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పేరూ పోయింది. ఆ పేర్లున్న చెక్కుబుక్కు మీ బీరువాలో ఎక్కడైనా ఉంటే ఎవరికీ రాసివ్వకండి, అది చెల్లదు. అలాగని పారేయకండి.